మూడు గంటలకు రండి

మోటెల్ గదిలో ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో
ఏడు శివారు పేటల పేర్లు.
ఫెర్గస్ గడులు గీశాడు, స్కేలు పెట్టి మరీ:
అద్దె, బడి, రైలు స్టేషను,
భూమి లోపలి పగులు ఎంత దూరం.
చివరి గడికి పేరు నేను పెట్టాను: "ఇతరం".
అందులో ఏం నింపాలో అప్పటికి నాకూ తెలీదు.

మేం వదిలొచ్చిన ఇన్వర్‌కార్గిల్ అప్పడాల పీట.
వెల్లింగ్టన్‌కి చదునంటే గిట్టదు.
ఇక్కడ వీధులు మెట్లెక్కుతాయి,
మెట్లు ఆయాసపడి ఎవరి పెరట్లోనో కూలబడతాయి.
పక్కింటికి ఉప్పు కోసం వెళ్ళాలన్నా
ముందు మోకాళ్ళని అడగాలి.

మార్చి, శనివారం, పగలు పన్నెండు.
ఐలండ్ బేలో తారు రోడ్డుకి అడ్డంగా నీలం గీత.
"ఇదెందుకు?" అంది టిల్లీ.
సముద్రం లేచొస్తే ఈ గీత దాటి పరుగెత్తాలి
అని చెప్పేసి నాలుక్కరుచుకున్నాను.
ఆరేళ్ళ పిల్ల అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడి
"ఇప్పుడు నేను సగమే తడుస్తానా?" అంది.
ఫెర్గస్ నవ్వలేదు. ఆ పేరు కొట్టేశాడు.

కరోరీలో ఇల్లు బాగుంది.
అద్దే మమ్మల్ని చూసి నవ్వింది.
న్యూలాండ్స్‌లో గాలి
తెరిచిన కారు తలుపు మళ్ళీ మూయనివ్వలేదు,
ఫెర్గస్ చేతిలో కాగితం లాక్కుని
లోయలోకి విసిరేసింది, మార్కులతో సహా.
ఏజెంటు కుర్రాడు, తళతళ బూట్లు,
"ఇవాళ కాస్త ఎక్కువండీ" అన్నాడు మొహమాటంగా,
గాలి తన తరఫు చుట్టమైనట్టు.

నైనై మా జాబితాలోనే లేదు.
దారి తప్పి ఒక వీధిలోకి తిరిగామో లేదో
రెన్ కారు సీటంతా కక్కాడు.
కంచె అవతల బట్టలారేస్తున్న ఒకావిడ
అడక్కుండానే నీళ్ళగొట్టం అందించింది.
పేరు మెరెఆనా. పళ్ళ మధ్య రెండు క్లిప్పులు,
వాటి సందులోంచి మాట:
"ఇల్లు వెతుకుతున్నారా? పన్నెండింటికి చూడకండి.
పన్నెండింటికి ప్రతి ఇల్లూ పెళ్ళికూతురే.
చలికాలంలో మూడు గంటలకు రండి.
కొండ ఎవరింటి ఎండ ఎత్తుకుపోతుందో అప్పుడు తెలుస్తుంది.
అదిగో ఆ వరసలో మా అత్తగారుండేది,
జూన్‌లో ఉతికిన దుప్పటి ఆగస్టుకి ఆరేది."
కడిగిన సీటు ఆవిడ తీగ కిందే ఆరబెట్టాం.
టిల్లీ అప్పటికే ఎవరి పిల్లలతోనో
ట్రాంపొలీన్ మీద గాల్లో ఉంది.

ఇక్కడ ఆగిపోతే కథ బాగుండేది.
ఆ వీధిలో ఖాళీ ఇల్లు లేదు. రెండు వారాలు అడిగాం.
మూడో వారం ఫెర్గస్ ఉద్యోగం మొదలైంది,
మోటెల్ గదిలో నలుగురం, ఒకటే హీటరు,
రాత్రి రెన్ ఏడిస్తే గోడ అవతల నుంచి తట్టేవాళ్ళు.
వైనుయొమాటా నుంచి ఫోన్ చేసి ఇస్తామన్నారు.
సరే అన్నాం,
పన్నెండింటికి కూడా చూడకుండా.

కొండెక్కి దిగితే గానీ మా ఇల్లు రాదు.
ఫెర్గస్‌కి బస్సు, ఆపైన రైలు.
బడి దగ్గరే. పగులు ఎంత దూరమో
మళ్ళీ ఎవరం కొలవలేదు.
జూన్ వచ్చాక చూశాను:
మూడు దాటుతుండగా ఎండ
వంటింటి బల్ల మీంచి లేస్తుంది,
ఒక్కో కప్పునీ వదిలేసుకుంటూ.
నేను కుర్చీ దాని వెంట జరుపుతాను,
జరిపి జరిపి గోడ తగిలాక ఊరుకుంటాను.
లోయకి అటువైపు ఇంకా వెలుగుతున్న నాలుగు ఇళ్ళని
టిల్లీ వేలు పెట్టి లెక్కపెడుతుంది.
ఆ ఇళ్ళ వాళ్ళకి ఎవరు చెప్పారో మరి.

నిన్న కారు ఊడుస్తుంటే
సీటు సందులో బట్టల క్లిప్పు దొరికింది,
ఆకుపచ్చది, పంటి గాటుతో.
ఇచ్చి రావాలి, ఏదో ఒక శనివారం.
ఈలోగా దాంతోనే
రెన్ చొక్కా హీటరు ముందు ఆరేస్తున్నాను.